పోర్టు సంఖ్య పేరు కాజాలదు

ఒక సర్వరుపై రెండు మూడు డేటాబేస్ ఇన్‌స్టెన్సులను నడుపవలసి వచ్చినప్పుడు, మొదటిదానిని దాని సహజమైన పోర్టుపై నుంచి, తక్కినవానికి ఆ పక్క సంఖ్యలను వరుసగా పంచిపెట్టవలెనను అభిప్రాయము మన వృత్తిలో ఎంతో గాఢముగా నాటుకొన్నది. దానిని ప్రశ్నించువానిని పనిలేని ప్రశ్న వేయుచున్నవానినిగా చూచుట పరిపాటియైనది. మైసీక్వెల్ అయినచో 3306, 3307, 3308. పోస్ట్‌గ్రెస్ అయినచో 5432, 5433, 5434. శిక్షణాలయములలో ఇదే నేర్పుదురు, ఇంటర్వ్యూలలో ఇదే సరియైన సమాధానముగా ఎంచుదురు, కొత్తగా చేరిన డీబీఏకు అప్పగించు ఎక్సెల్ పట్టికలోను ఇదే వరుస కనబడును. యంత్రమునకు ఒక్క ఐపీ చిరునామా చాలుననియు, ఇన్‌స్టెన్సులను వేరుపరచు భారమును పోర్టు సంఖ్యలే మోయగలవనియు చెప్పు ఈ మతమును నేను అంగీకరింపను. ఇన్‌స్టెన్సు ఒక్కింటికి ఒక ఐపీ చిరునామాను, ఆ చిరునామాకు డీఎన్ఎస్‌లో ఒక పేరును కల్పించి, అన్నిటిని వాని సహజమైన పోర్టుపైననే నిలుపుట యుక్తమని నా దృఢవిశ్వాసము.

ఈ అభిప్రాయము ఎక్కడ పుట్టినదో ముందుగా విచారింపవలెను. మైసీక్వెల్ 8.0 సర్వరు, మనము వేరుగా చెప్పనంతవరకు, యంత్రమునకు గల సమస్త చిరునామాలపైనను 3306 పోర్టును ఆక్రమించి కూర్చుండును. బైండ్-అడ్రస్ అను సెట్టింగునకు నక్షత్రపు గుర్తే సహజమైన విలువగా ఉండుట ఇందులకు కారణము. అట్టి యంత్రమునకు రెండవ ఐపీని చేర్చి, దానిపై అదే 3306తో రెండవ ఇన్‌స్టెన్సును లేపబోయిన యువకునికి ‘అడ్రస్ ఆల్రెడీ ఇన్ యూజ్’ అను సందేశము ఎదురగును. అతడు దానిని చదివి, ఒక యంత్రముపై 3306 ఒక్కసారియే వాడదగునని నిశ్చయించుకొని 3307కు మరలును; మరునాడు సహోద్యోగికి దానినే సూత్రముగా బోధించును. కాని టీసీపీలో వినుచున్న సాకెట్టును గుర్తించుటకు పోర్టు ఒక్కటి చాలదు. చిరునామాయు పోర్టును కలిసిన జంటయే దాని గుర్తు. 10.20.4.11తో కూడిన 3306 వేరు, 10.20.4.12తో కూడిన 3306 వేరు. అన్ని చిరునామాలను తనవిగా చేసికొని కూర్చున్న మొదటి ఇన్‌స్టెన్సే ఇక్కడ అడ్డు; దాని బైండ్-అడ్రస్‌ను దాని చిరునామాకే పరిమితము చేసి తిరిగి ప్రారంభించినచో రెండవది నిరాటంకముగా లేచును. ఒక సెట్టింగును మార్చక వదలినందున కలిగిన చిక్కును టీసీపీ నియమముగా భ్రమించి, దానిపై ఇంత ఆచారమును నిర్మించుకొంటిమి.

ఇట్లు చేయుటలో మెలకువలు లేకపోలేదు. మైసీక్వెల్ 8.0లో 3306తోపాటు ఎక్స్ ప్రోటోకాల్ నిమిత్తము 33060 అను మరియొక ద్వారము తెరువబడును. దానికి వేరుగా మైసీక్వెల్‌ఎక్స్-బైండ్-అడ్రస్ అను సెట్టింగు కలదు. దానిని మరచినచో రెండవ ఇన్‌స్టెన్సు లేచును గాని, లాగులో ఒక హెచ్చరికను వ్రాసి, ఆ ద్వారము లేకయే నడచును. పోస్ట్‌గ్రెస్ విషయములో చిక్కు మరియొక విధము. అందులో లిజన్_అడ్రసెస్ అను సెట్టింగుచే చిరునామాను నియమింతుము. కాని యంత్రములోపలి సంబంధములకై అది సృష్టించు యూనిక్స్ సాకెట్టు ఫైలు పేరులో పోర్టు సంఖ్య మాత్రమే చేరును, చిరునామా చేరదు. కనుక రెండు ఇన్‌స్టెన్సులును 5432పై నుండగోరినప్పుడు ఆ సాకెట్టు ఫైళ్లకు వేర్వేరు డైరెక్టరీలను నిర్ణయింపవలెను; లేనిచో రెండవది తాళపు ఫైలు ఇదివరకే ఉన్నదని చెప్పి ఆగిపోవును. ఇవి తెలిసికొని ఒక్కసారి వ్రాసిపెట్టుకొనదగిన సంగతులే గాని, పద్ధతినే విడిచిపెట్టుటకు తగినంత కారణములు కావు.

ఇక అసలు విషయమునకు వత్తును. వెబ్ సర్వర్లు ఒక్క చిరునామాపై, ఒక్క పోర్టుపై వందల సైట్లను నడుపుచున్నవి గదా, డేటాబేసులకు మాత్రము ఈ విడివిడి చిరునామాల పట్టుదల ఎందులకని అడుగువారున్నారు. వెబ్‌కు ఆ సౌలభ్యము ఊరక రాలేదు. 1997లో వెలువడిన హెచ్‌టీటీపీ 1.1 ప్రమాణము ప్రతి అభ్యర్థనలోను హోస్ట్ అను శీర్షికను తప్పనిసరి చేసినందున, వచ్చినవాడు ఏ పేరును వెదకుచు వచ్చినాడో సర్వరునకు తెలియుచున్నది. డేటాబేసుల సంభాషణలో ఆ వాక్యమే లేదు. మైసీక్వెల్‌లోనైతే సంబంధము కుదిరిన వెంటనే మొదట మాటాడునది సర్వరే. తన వెర్షనును ప్రకటించి పలుకరించును. గూఢలిపి లేని సంబంధములలో క్లయింటు తాను ఏ పేరును తలచి వచ్చినదో చెప్పుకొను అవకాశము తరువాతనైనను లేదు. పోస్ట్‌గ్రెస్‌లో క్లయింటే ముందు మాటాడును గాని, దాని తొలి ప్యాకెట్టులో వినియోగదారుని పేరును, డేటాబేస్ పేరును ఉండును, సర్వరు పేరుండదు. 2021లో వచ్చిన 14వ వెర్షను మొదలు గూఢలిపి సంబంధములలో సర్వరు పేరును పంపు ఏర్పాటు క్లయింటులో చేరినది, కాని అది సాదా సంబంధములకు ఉపకరింపదు. కాబట్టి డేటాబేస్ లోకములో ఒక ఇన్‌స్టెన్సును మరియొకదానినుండి వేరుచేసి చూపునది చిరునామా-పోర్టుల జంట తప్ప వేరొకటి లేదు. ఆ రెండింటిలో పేరును మోయగలది చిరునామాయే. డీఎన్ఎస్ ఏ-రికార్డు పేరును చిరునామాగా మార్చును, పోర్టు ఊసెత్తదు. పోస్టాఫీసులో ఏ కిటికీయొద్ద మనియార్డరు తీసికొందురో తెలుపునది కిటికీమీది సంఖ్య. ఏ ఊరి పోస్టాఫీసో తెలుపునది ఆ సంఖ్య కాదు. 3306 అనగా ఇక్కడ మైసీక్వెల్ మాటాడుదురని అర్థము, అంతకు మించి అర్థము దానికి లేదు. 3307 అనుటకు ఆ పాటి అర్థమును లేదు. ఐఏఎన్ఏ పట్టికలో ఆ సంఖ్య మరియొక సేవ పేరిట నమోదై యున్నది.

ఇది కేవలము సిద్ధాంతచర్చ యని తలచువారికి ఒక చిన్న ఘట్టమును దగ్గరనుండి చూపుదును. ఒక లినక్సు సర్వరుపై జీతముల డేటాబేస్ 3306పై నడుచుచున్నది. దాని బ్యాకప్పునుండి తీసిన పరీక్షాప్రతి 3307పై నడుచుచున్నది. ప్రతి గనుక పట్టికల పేర్లు అవే, వినియోగదారులు వారే, సంకేతపదములు అవే. ఇంజనీరు ఆ సర్వరులోనికే లాగినై, పరీక్షాప్రతిలో ఒక పట్టికను ఖాళీచేయుటకై మైసీక్వెల్ క్లయింటును పిలిచి, హోస్టుగా లోకల్‌హోస్టనియు, పోర్టుగా 3307 అనియు వ్రాయును. తప్పేమియు కనబడదు. కాని యూనిక్స్ యంత్రములపై ఆ క్లయింటు లోకల్‌హోస్టను మాటకు టీసీపీ సంబంధమని అర్థము చెప్పుకొనదు, యూనిక్స్ సాకెట్టు ఫైలని అర్థము చెప్పుకొనును. సాకెట్టు ఫైలుకు పోర్టు లేదు గనుక 3307ను మౌనముగా విస్మరించి, సహజమైన స్థానమునందున్న సాకెట్టును, అనగా మొదటి ఇన్‌స్టెన్సు సాకెట్టును, తెరచును. సంకేతపదము ఒక్కటే గనుక ప్రవేశము లభించును. ప్రాంప్టు ఒక్కటే, పట్టికలు ఒక్కటే. పొరపాటు సందేశము రాదు, హెచ్చరిక రాదు. ట్రంకేట్ కమాండు నిమిషములో పదియవ వంతులో ముగియును, పోయినవి మాత్రము నిజమైన జీతముల వరుసలు. లోకల్‌హోస్టునకు బదులు 127.0.0.1 అని వ్రాసి యున్నచో 3307కే పోయి యుండును. లేదా ప్రోటోకాల్ టీసీపీ అని స్పష్టముగా చెప్పి యున్నచో పోయి యుండును. లేదా లోనికి పోయిన పిమ్మట పోర్టు ఎంతయని ఒక్క ప్రశ్న వేసి యున్నచో 3306 అని సమాధానము వచ్చి యుండును. కాని రాత్రి పదకొండు గంటలకు పని ముగింపవలసిన మనుష్యుని జ్ఞాపకముపై ఇంత భారమును మోపు ఏర్పాటును మంచి ఏర్పాటని ఎట్లనగలము? ఇదే చోట పరీక్షాప్రతికి తన చిరునామాయు, జీతములు-పరీక్ష అను పేరును ఉండి, ఇంజనీరు ఆ పేరునే వ్రాసి యుండినచో, ఆ పేరు 10.20.4.12గా మారి, టీసీపీ ద్వారా అక్కడికే పోయి యుండును. మరియొక చోటికి పోవు త్రోవయే ఉండదు. కమాండుల చరిత్రలోను, ప్రాసెసుల పట్టికలోను, ఎవరు ఎక్కడికి పోయిరో పేరుతో సహా నిలిచి యుండును.

రెండవ హాని ఇన్‌స్టెన్సును తరలించునప్పుడు బయటపడును. ఒక సర్వరుపై చేరిన ఇన్‌స్టెన్సులు చిరకాలము కలిసి యుండవు. ఒకటి పెరిగి, దానికి సొంత యంత్రము కావలసి వచ్చును. అప్పుడు 3307 అను సంఖ్య ఎక్కడెక్కడ వ్రాయబడి యున్నదో వెదకవలసి వచ్చును: జావా అప్లికేషన్ల కనెక్షన్ స్ట్రింగులలో, ఓడీబీసీ సెట్టింగులలో, క్రాన్‌లో నడచు షెల్ స్క్రిప్టులలో, లెక్కల విభాగమువారి ఎక్సెల్ షీటులో, ఎప్పుడో వెడలిపోయిన ఉద్యోగి వ్రాసిన నివేదికల కార్యక్రమములో. డీఎన్ఎస్‌లో పేరును మార్చినను ఆ సంఖ్య మారదు. కొత్త యంత్రముపై ఆ ఇన్‌స్టెన్సు ఒంటరిగా ఉన్నను 3307పైననే ఉండవలసి వచ్చును. అచ్చట ఆ సంఖ్య ఏ అర్థమును లేని ఒక మచ్చగా శాశ్వతముగా నిలుచును. పేరుతోపాటు పోర్టును గూడ తెలుపు ఎస్ఆర్‌వీ రికార్డులు 2000లోనే ప్రమాణీకృతములైనవి గదా యనవచ్చును. మైసీక్వెల్ క్లయింటు వానిని గుర్తించుట 8.0.22తో గాని మొదలు కాలేదు. పోస్ట్‌గ్రెస్ క్లయింటు లైబ్రరీ వానిని గుర్తింపదు. చిరునామా ఇన్‌స్టెన్సుదే యైనచో తరలింపు రీతియే వేరు: పాత యంత్రమునుండి ఆ చిరునామాను తీసి, అదే సబ్‌నెట్టులోని కొత్త యంత్రమునకు చేర్చి, ఏఆర్‌పీ ప్రకటనచే ఇరుగుపొరుగు యంత్రములకు తెలియజేసినచో, అప్లికేషన్లు తెగిన సంబంధమును తిరిగి కలుపుకొనుట తప్ప మరేమియు చేయనక్కరలేదు.

డెబియన్‌పై పోస్ట్‌గ్రెస్‌ను కొత్త వెర్షనునకు మార్చినవారికి ఇందులోని మరియొక ముఖము తెలిసియే యుండును. పాత క్లస్టరు 5432పై నుండగా కొత్తది తనంతట 5433ను తీసికొనును. ఒక్క అడుగు మరచినచో అప్లికేషను పాతదానిలోనే వ్రాయుచుండును, మనము కొత్తదానిని చూచి సంతోషించుచుందుము.

ఎస్‌క్యూఎల్ సర్వర్ చరిత్ర ఈ విషయములో మిక్కిలి బోధకరము. ఒకే యంత్రముపై అనేక ఇన్‌స్టెన్సులను నడుపు సౌకర్యము 2000 వెర్షనుతో వచ్చినది. పేరు పెట్టిన ఇన్‌స్టెన్సులకు స్థిరమైన పోర్టు అక్కరలేదనియు, లేచినప్పుడు ఖాళీగా నున్న ఏదో యొక పోర్టును తీసికొనుననియు ఏర్పాటు చేసిరి. అయినచో క్లయింటు దానిని ఎట్లు కనుగొనవలెను? అందులకై యూడీపీ 1434పై, వచ్చిన ప్రతివానికి పోర్టు సంఖ్యను చెప్పు ఒక సేవను నిలిపిరి. 2003 జనవరి 25న స్లామర్ అను పురుగు లోకమును చుట్టినది ఈ సేవలోని లోపముద్వారానే. దాని నిడివి 376 బైట్లు. మొదటి దశలో ఎనిమిదిన్నర సెకండ్లకొకసారి రెట్టింపగుచు, పది నిమిషములలోపల లోపము గల యంత్రములలో నూటికి తొంబదికి పైగా ఆక్రమించినది. సోకిన యంత్రములు కనీసము 75,000. లోపమును సరిచేయు ప్యాచి అంతకు ఆరు నెలల ముందే, 2002 జూలైలో, విడుదలయ్యెను. లోపము ప్రోగ్రామునందలిదే, పోర్టులది కాదు. ఈ మాట నేను ఒప్పుకొనవలెను. కాని మారుచుండు పోర్టులే లేకున్నచో ఆ సమాచారసేవ అవసరము లేదు, అవసరము లేని సేవ తెరచి యుండనక్కరలేదు. నేటికిని ఎన్నో కార్యాలయములలో దాని వారసురాలగు బ్రౌజరు సేవకై ఫైర్‌వాల్‌లో 1434ను తెరచి, దానితోపాటు వేల సంఖ్యలో పోర్టుల శ్రేణిని గూడ తెరచుచున్నారు.

ఇన్‌స్టెన్సు ఒక్కింటికి ఒక చిరునామా ఇచ్చినచో ఈ ఆర్భాటమంతయు తొలగును. కాన్ఫిగరేషన్ మేనేజర్‌లో ఆ ఇన్‌స్టెన్సు టీసీపీ/ఐపీ లక్షణములను తెరచి, లిజన్ ఆల్ అనుదానిని నో చేసి, దాని చిరునామాను మాత్రమే ఎనేబుల్ చేసి, డైనమిక్ పోర్టుల గడిని ఖాళీగా విడిచి, టీసీపీ పోర్టులో 1433 వ్రాసినచో చాలును. ఇక్కడ అనేకులు తడబడు చోటొకటి కలదు: లిజన్ ఆల్ ఎస్‌గా నున్నంతవరకు చిరునామాలవారీగా మనము పెట్టిన ఎనేబుల్ గుర్తులను సర్వరు లెక్కచేయదు. ఆ గుర్తులను మార్చి మార్చి విసిగి, విడిచిరునామాల పద్ధతి ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో పని చేయదని ప్రచారము చేయువారిని నేనెరుగుదును. యంత్రముపై నున్న ప్రతి ఇన్‌స్టెన్సుకును, ముఖ్యముగా మొదటిదానికి, ఈ మార్పు చేయవలెను. అప్పుడు క్లయింటు ఇన్‌స్టెన్సు పేరును చెప్పనక్కరలేకయే, బ్రౌజరును అడుగనక్కరలేకయే, డీఎన్ఎస్ పేరొక్కటితో నేరుగా చేరును. కెర్బెరోస్ ధ్రువీకరణకు కావలసిన ఎస్‌పీఎన్‌లో పోర్టు సంఖ్యయు చేరును గనుక, ఆ పోర్టు స్థిరముగా నుండుట అక్కడను మేలు.

పోర్టుల పక్షమువారు తలచుకొనని ప్రమాదము మరియొకటి కలదు. 3307, 3308 అని చిన్న సంఖ్యలను వాడువారు కొంత సురక్షితులు. ఇన్‌స్టెన్సులు అధికమైనకొలది 40001, 50001 వంటి పెద్ద సంఖ్యలకు ఎగబ్రాకువారు, అవి లినక్సు తన బయటికి పోవు సంబంధములకు తాత్కాలికముగా వాడుకొను శ్రేణిలో పడుచున్నవని గమనింపరు. ఆ శ్రేణి సాధారణముగా 32768 మొదలు 60999 వరకు. ఇన్‌స్టెన్సు నడుచుచున్నంత కాలము ఏ హానియు లేదు. పునఃప్రారంభమునకై దించిన ఆ కొద్ది క్షణములలో మరియొక ప్రోగ్రాము ఆ సంఖ్యను పట్టుకొన్నచో ఇన్‌స్టెన్సు లేవదు. మరల ప్రయత్నించునప్పటికి ఆ సంబంధము తెగిపోయి యుండును, ఇన్‌స్టెన్సు లేచును, కారణము ఎవ్వరికిని బోధపడదు.

ప్రతిపక్షులు సాధారణముగా మూడు ఆక్షేపణలు చేయుదురు. ఐపీవీ4 చిరునామాలు దుర్లభములైనవనునది మొదటిది. బహిరంగ చిరునామాల విషయములో ఇది సత్యమే. కాని డేటాబేస్ సర్వరునకు బహిరంగ చిరునామా ఎందులకు? 10తో మొదలగు ప్రైవేటు శ్రేణి ఒక్కదానిలోనే 1,67,77,216 చిరునామాలున్నవి. సంస్థలో ఇరువది ఇన్‌స్టెన్సులకు ఇరువది చిరునామాలు ఇచ్చినందున దారిద్ర్యము రాదు. యంత్రము బూటగునప్పుడు రెండవ చిరునామా ఇంకను లేవకమునుపే డేటాబేస్ లేవబోయి విఫలమగుననునది రెండవది. ఇది యథార్థమైన ఆక్షేపణ, దీనికి గౌరవముతో సమాధానము చెప్పవలెను. సిస్టమ్‌డీలో నెట్‌వర్కు సిద్ధమైన పిమ్మటనే ఇన్‌స్టెన్సు లేచునట్లు క్రమమును నిర్ణయింపవచ్చును. లేదా ఇంకను తనది కాని చిరునామాపై గూడ వినుటకు అనుమతించు ఐపీ_నాన్‌లోకల్_బైండ్ అను కెర్నెలు సెట్టింగును వాడవచ్చును. మూడవది బయటికి పోవు సంబంధములను గూర్చినది: రెండవ ఇన్‌స్టెన్సు రెప్లికేషను నిమిత్తము మరియొక సర్వరును పిలిచినప్పుడు ఆ పిలుపు యంత్రము మొదటి చిరునామానుండియే పోవును, ఆవలి ఫైర్‌వాల్ దానిని గుర్తింపదు. దీనికి రూటింగులో మూల చిరునామాను నిర్దేశించుట మార్గము. అది కొంత శ్రమయే. కాని ఆ శ్రమ ఏర్పాటుచేయు రోజున ఒక్కనికి కలుగునది, పోర్టుల పద్ధతిలోని శ్రమ ప్రతిదినము ప్రతి వినియోగదారునికి కలుగునది.

పెద్ద సంస్థలు ఏమి చేయుచున్నవని అడుగువారికి ఒక ప్రబలసాక్ష్యమును చూపగలను. గూగుల్‌వారు తమ బోర్గ్ వ్యవస్థను గూర్చి 2015లో ప్రకటించిన పత్రములో, ఒక యంత్రముపై పనులన్నియు ఒకే ఐపీని పంచుకొనుటచే పోర్టులను గూడ ఒక వనరుగా లెక్కించి పంచవలసి వచ్చెననియు, అది చిక్కులకు హేతువయ్యెననియు, ఆ అనుభవమువలననే కుబెర్నెటీస్‌లో ప్రతి పాడ్‌కు సొంత ఐపీ నిచ్చితిమనియు తేటగా వ్రాసిరి. లక్షల పనులను నడిపి తెలిసికొన్న సంగతిని వారు మనకు ఉచితముగా అందించినారు. అయినను డాకర్‌లో, లోపల ప్రతి కంటైనరుకు సొంత చిరునామాయు 3306ను ఉండగా, వానిని బయట 3307, 3308లుగా మార్చి తగిలించి, ఆ గుణమును మనమే చేతులార చెరుపుకొనుచున్నాము.

ఆరకిల్ మార్గము వేరు. అక్కడ 1521పై కూర్చున్న ఒక్క లిజనరు, క్లయింటు చెప్పిన సర్వీసు పేరును విని, తగిన ఇన్‌స్టెన్సునకు అప్పగించును. అచ్చట పేరు సంభాషణలోనే ఉన్నది గనుక నా వాదము అక్కడ వర్తింపదు. క్లౌడు యంత్రములకు ఎన్ని ప్రైవేటు ఐపీలు తగిలింపవచ్చుననుటకు యంత్రపరిమాణమునుబట్టి హద్దులున్నవి. చిన్న యంత్రముపై ఆ హద్దు దాటినవాడు నిస్సహాయుడు. తన లినక్సు ల్యాప్‌టాప్‌పై రెండు ఇన్‌స్టెన్సులను పెట్టుకొన్న డెవలపరునకు మాత్రము ఏ నిస్సహాయతయు లేదు: 127తో మొదలగు చిరునామాలన్నియు అక్కడ ఏ ఏర్పాటును లేకయే పలుకును, 127.0.0.2 ఒకదానికి, 127.0.0.3 మరియొకదానికి ఇచ్చి, హోస్ట్స్ ఫైలులో రెండు పేర్లు వ్రాసికొన్నచో చాలును.

ఇదివరకే 3307పై నడుచుచున్న ఇన్‌స్టెన్సును మార్చుట భయంకరమని విరమించువారికి ఒక్క ఉపాయము చెప్పుదును. ఇన్‌స్టెన్సును కొత్త చిరునామాపై 3306కు మార్చి, పాత చిరునామా 3307కు వచ్చు సంబంధములను అక్కడికి మళ్లించు నియమమునొకదానిని ఎన్ఎఫ్‌టేబుల్స్‌లో చేర్చి, ఆ నియమమునకు కౌంటరును తగిలింపవలెను. నాట్ చైనులోని నియమము సంబంధమునకు మొదటి ప్యాకెట్టును మాత్రమే చూచును గనుక ఆ కౌంటరు పాత త్రోవలో ఇంకను ఎన్ని సంబంధములు వచ్చుచున్నవో నేరుగా లెక్కించి చూపును. లాగ్ చేయించినచో ఏ యంత్రమునుండి వచ్చుచున్నవో గూడ తెలియును. ఒక్కొక్క అప్లికేషనును వెదకి కొత్త పేరునకు మార్చుచు పోవలెను. కౌంటరు పది దినములు కదలలేదని వెంటనే నియమమును తీసివేయరాదు; నెలాఖరునను, మూడు మాసములకొకసారియు మాత్రమే నడచు లెక్కల కార్యక్రమములుండును. ఒక త్రైమాసికము పూర్తిగా గడచిన పిమ్మటనే దానిని తొలగింపవలెను.